నీటి పూచీ

పులివెందులలో బస్సు దిగాక నేను ఎటువైపు పోయేదాన్నో ఇప్పటికీ ఎవరికీ చెప్పను. లింగాల వైపా, వేంపల్లె వైపా, గండికి ఇవతలా, అవతలా అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ మంచివాళ్లకు చెప్పిన మాట వాళ్ల దగ్గరే ఆగుతుందని పూచీ ఎవరు? ఆ పూచీ గురించే ఇదంతా రాస్తున్నాను కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. దిక్కు మాత్రం అడగొద్దు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్ టైం లెక్చరర్ని. పార్ట్ టైం అంటే పని మొత్తం, జీతం సగం. సొంతూరు జమ్మలమడుగు. నాన్న మిషన్ బడిలో అయ్యవారు. యూనివర్సిటీలో పర్మనెంట్ ఉద్యోగం కావాలంటే డాక్టరేట్ ఉండాలి, అది ఉన్నా పేరున్న జర్నల్లో ఒక పేపరు పడి ఉండాలి. పేపరు లేనివాళ్లను ఇంటర్వ్యూలో కాఫీ ఇచ్చి పంపేవాళ్లు. నాకు రెండుసార్లు కాఫీ కూడా ఇవ్వలేదు.

నా గైడు కోస్తా జిల్లా ఆయన. బాగా చదువుకున్నవాడు, నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు. నేను ఆవేశంలో ‘యాడ’, ‘ఏంది’ అన్నప్పుడు మాత్రం నవ్వేవాడు. పేపర్లు వేయించుకోవడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ముందు విదేశీ జర్నల్లో పెద్ద పేపరు, తర్వాత అదే సంగతిని ముక్కలు చేసి సెమినార్లకు. మా ఊళ్లో పొట్టేలును కోస్తే తల ఒకరికి, కాళ్లు ఒకరికి, తోలు ఇంకొకరికి పోయినట్టు, ఒక తాండా బతుకును ఎన్ని చోట్లకైనా పంచవచ్చన్నమాట. “ఇది వ్యూహం అమ్మా, మోసం కాదు,” అనేవాడు. నిజమే, మోసం కాదు. పొట్టేలును ఎవరూ అడగరు, అంతే.

ఆ అడక్కపోవడం నాకు చిన్నప్పటి నుంచీ గుచ్చుకునేది. నాన్న పనిచేసే బడి బీరువాలో దొరల కాలంనాటి మిషన్ పుస్తకం ఒకటి ఉండేది. అందులో మా ముత్తవ్వ ఫోటో ఉంది. నెత్తిన గంప, ఎండకు చిట్లించిన కళ్లు. కింద పేరు లేదు. కరువులో కూటి కోసం మతం పుచ్చుకున్న స్త్రీ అని ఏదో ఉంది. మా ముత్తవ్వ కూటికి మారలేదు, మొగుడితో పోట్లాడి, వాణ్ణి సాధించడానికి మారింది. మా ఇంట్లో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ అచ్చులో ఉన్నది కూడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నేను ఎవరి మీదైనా రాయాల్సి వస్తే వాళ్లను అడిగి రాస్తానని అప్పుడే అనుకున్నాను.

నేను పరిశోధనకు ఎంచుకున్నది కొండ కింద ఉన్న ఒక సుగాలీ తాండా. మేకలు, కొన్ని ఆవులు, వాన పడితే కాస్త కొర్ర, కాస్త సజ్జ. బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎండాకాలం రాగానే పశువుల్ని సంతకు తోలేవాళ్లు. తాండావాళ్లు తోలేవాళ్లు కాదు. కొండలో ఎక్కడో నీళ్లున్నాయని ఊళ్లలో అనుకోవడమే తప్ప చూసినవాళ్లు లేరు. తాండావాళ్లు ఆ కొండను ఎలా చదువుకున్నారు, నీటిని ఎలా కాపాడుకున్నారు అన్నదే నా విషయం.

నేను దిగేది ఒక అవ్వ ఇంట్లో. మొగుడు పోయాడు. ఒక కొడుకు, ఒక కోడలు. అవ్వ నోరు విప్పితే ఆపడం కష్టం, కోడలి నోరు విప్పించడం కష్టం. కోడలికి నేనంటే గిట్టేది కాదు. నేను కూర్చున్న చాపను నేను లేవగానే దులిపి చుట్టి పెట్టేది. నీళ్లు చూపించమని నేను అడిగినప్పుడల్లా అవ్వ “చూద్దాం లే” అనేది. ఒక ఎండాకాలం అట్లాగే గడిచింది. మరుసటి ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే, “పా పాపా, మేకలతో పోదాం,” అంది.

ఎక్కాం, దిగాం, మళ్లీ ఎక్కాం. ఒక పెద్ద బండ కింద వంగి దూరితే లోపల దొన. రాతిలో తొట్టిలాగా ఏర్పడి, ఎండ ముఖం చూడని నీళ్లు. అవ్వ ముందు తాను తాగింది. తర్వాత మేకలకు దారి ఇచ్చింది. అన్నీ తాగాక నన్ను తాగమంది. మేకలు మూతులు పెట్టిన నీళ్లని నేను వెనకాడితే కోపంగా చూసింది. దోసిలితో తాగాను.

“ఈ పొద్దు నుంచి నీ పూచీ నాది,” అంది. “నువ్వు ఎవురికన్నా చెప్పినా, ఎవురినన్నా తోలుకొచ్చినా నిన్నెవురూ అడగరు. నన్నడుగుతారు. నా మేకలు ఒక ఎండాకాలం ఈడికి రాగూడదంటారు. నీళ్లు లేకుంటే మేకలుంటాయా? మేకలు లేకుంటే నేనుంటానా?”

“తప్పు నేను చేస్తే నన్నే అడగచ్చు గదా అవ్వా?”

“నువ్వు బస్సెక్కి పోతావు. నిన్ను యాడ పట్టుకునేది?”

ఆ తాండాలో కట్టు అది. నీళ్లు చూసినవాడిది కాదు, చూపించినవాడిది బాధ్యత. అందుకే ఎవరూ ఎవరికీ ఊరికే చూపించరు. కొత్తగా వచ్చిన కోడలికి కూడా అత్త చూపించేదాకా ఆ దోవ తెలియదు. యూనివర్సిటీలో మాకు పరిశోధన పద్ధతుల మీద లావు పుస్తకాలుండేవి. వాటిలో ఎంత వెతికినా నా పూచీ ఎవరిదో రాసి లేదు.

ఆ దొన మేకలకు మాత్రమే కాదని తర్వాత తెలిసింది. అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలొస్తే రెండు వర్గాలూ తాండాల వైపు చూసేవి. ఓట్ల కోసం కాదు, ఓట్లు వర్గాలవాళ్లే వేసుకునేవాళ్లు. మగవాళ్ల కోసం. బాంబుల సంచి మోయడానికి, జీపు వెనక నిలబడటానికి, ఆఖరికి కేసులో పేరు ఎక్కించడానికి మనుషులు కావాలి. పిలిచిన వర్గానికి పోతే రెండోవాళ్లు చంపుతారు, పోనంటే పిలిచినవాళ్లే చంపుతారు. అందుకని తాండా మగవాళ్లు ఎన్నికల వాసన తగలగానే మేకల్ని తోలుకుని కొండెక్కేవాళ్లు. ఓట్లు లెక్కపెట్టేదాకా దిగేవాళ్లు కాదు. కింద ఆడవాళ్లు ‘గండికి పోయినారు, మొక్కుండె’ అని ఒకే మాట మీద నిలబడేవాళ్లు. గండి ఆంజనేయుడికి ఆ తాండా మొక్కినన్ని మొక్కులు కడప జిల్లాలో ఇంకెవరూ మొక్కి ఉండరు.

అట్లాంటి ఒక ఎన్నికల ముందే నా పేపరు తీసుకుంటామని విదేశీ జర్నల్ వాళ్లు రాశారు. నేను కాలేజీ మెట్ల మీదే కూర్చుండిపోయాను, అంత సంతోషం. ఒక్కటే షరతు. నీటి తావులన్నీ గుర్తించిన మ్యాపు జతచేయాలి. మిగతా పరిశోధకులు పోయి సరిచూసుకోవడానికి వీలుండాలి. నేను నా వాడకానికి గీసుకున్న పటం ఒకటి ఉంది, దాని నకలు గైడు దగ్గర ఉంది. దాన్నే పంపుదామన్నాడాయన.

“మనుషుల పేర్లు మార్చాం కదమ్మా. తాండా పేరూ మార్చాం. ఇంకేం కావాలి?”

“కొండను మార్చలేదు కద సర్.”

ఆయనకు అర్థం కాలేదు. ఆయన చదివిన చదువులో మనిషి పేరు దాస్తే మనిషి దాగుతాడు. మా వైపు అట్లా కాదు. ఆ కొండ నడుమును గీతగా గీసి చూపిస్తే బస్సు కండక్టరు కూడా ఇది ఫలానా అంటాడు. కొండ తెలిస్తే తాండా తెలుస్తుంది, తాండా తెలిస్తే పేర్లెందుకు?

“జ్ఞానం అందరిదీ అమ్మా. తాళం వేసి పెట్టుకునేది కాదు,” అన్నాడు. అందరిదీ అనేవాళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్ల జ్ఞానం గురించే అంటారు, తమ ఇంటి బీరువా గురించి అనరు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగాను. వాళ్ల అనుమతి కావాలని నేను పట్టుబడితే, “సరే, నాలుగు వేలిముద్రలు తెచ్చుకోండి, చాలు. ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాయి,” అన్నాడు.

సిరాపెట్టె కొనుక్కుని పోయాను. అవ్వ దాన్ని చూడగానే పక్కకు నెట్టేసింది.

“ఏలిముద్రంటే మాకు తెలుసు పాపా. మా నాయన ఒకతూరి ఏసినాడు. ఏసేదాకా శేను ఉండె, ఏసినంక లేదు. ముద్రలొద్దు. నువ్వు రాసింది చదువు. ఇని చెప్తాం.”

పందిరి కింద ఆడవాళ్లంతా చేరారు. మగవాళ్లు అప్పటికే కొండమీద ఉన్నారు, అవ్వ కొడుకుతో సహా. పేపరు ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యం చూసి తెలుగులో చెబుతూ పోయాను. మధ్యలో ఆపి తప్పులు దిద్దారు. ఒకచోట మేకల జబ్బు గురించి నేను రాసింది విని పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పటం తీసి అవ్వ ముందు పరిచాను. నవ్వులు ఆగిపోయాయి. ఒకామె కొండ మీద వేలు పెట్టి, కాలినట్టు తీసేసుకుంది.

“ఇది గూడ అచ్చేస్తారా?” అంది అవ్వ.

“ఏయాలంటాండారు.”

“ఎవురు చూస్తారు?”

“చదువుకున్నోళ్లు అవ్వా. శానా దూరంలో ఉంటారు.”

అవ్వ ఏదో అనబోయింది. అంతలో జీపు చప్పుడు వినిపించింది. ఆ రోజుల్లో జీపు చప్పుడును బట్టే అది బాడుగ జీపా, పోలీసు జీపా, వర్గం జీపా అని చెప్పగలిగేవాళ్లు. అది వర్గం జీపు. అవ్వ పటాన్ని తన కిందికి లాక్కుని దాని మీద కూర్చుంది.

దిగినాయన పేరు చెప్పను, పార్టీ కూడా చెప్పను. ఆయన ఇప్పుడు లేడు. ఆ రోజు ఆయన వెనక ఉన్నవాళ్లలో సగంమంది తర్వాత ఎదుటి పార్టీలోకి మారారు కాబట్టి పార్టీ చెప్పినా లాభం లేదు. తెల్లబట్టలు, భుజాన కండువా. వెనక మనుషులు ఒక సంచిని పసిబిడ్డను దించినట్టు దించారు. అందులో ఏముందో అడగాల్సిన పని లేదు.

మా వైపు వర్గం పెద్ద వస్తే కూర్చున్నవాళ్లు లేవాలి. లేవలేదంటే నువ్వు ఎదుటివాడి మనిషివని అర్థం. టీ అంగడి బెంచీ మీద నుంచి లేవని పాపానికి ఒకాయన చెయ్యి పోగొట్టుకున్నాడని చిన్నప్పుడు జమ్మలమడుగులో విన్నాను. ఆడవాళ్లంతా లేచారు. నేనూ లేచాను, లేస్తున్న నా కాళ్లను తిట్టుకుంటూ. అవ్వ మాత్రం లేవలేదు.

ఆయన మంచం మీద కూర్చుని ఆమెనే చూశాడు.

“ఏం అవ్వా, కాళ్లు లేవా?”

“ఉండాయప్పా. ఉండేదానికే ఉండాయి, లేసేదానికి పనికిరావు.”

“ఒరే, ముసల్దాన్ని పట్టుకోని మంచం మీద కూచోబెట్టండి. మనం పైన, ఆమె కింద ఏం బాగుంటాది.”

ఇద్దరు ముందుకు వచ్చారు. అవ్వను లేపితే పటం బయటపడుతుంది. చదువు రానివాడికి కూడా కొండ బొమ్మ అర్థమవుతుంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే అవ్వ పక్కన చతికిలబడి ఆమె నడుము చుట్టూ చెయ్యి వేశాను.

“కదిలియ్యాకండప్పా. నడుము పట్టుకోనుంది. కదిలిస్తే కాళ్లు పడిపోతాయని డాక్టరు చెప్పినాడు.”

డాక్టరు అన్న మాట పని చేసింది. వాళ్లు ఆగారు. ఆయన చూపు నా మీదికి తిరిగింది.

“నువ్వెవురమ్మా?”

“ప్రొద్దుటూరు కాలేజీలో పాఠాలు చెప్తాను.”

“ఈడేం పని?”

“మా మింద పుస్తకం రాస్తాంది అప్పా,” అంది వెనక నుంచి ఒకామె.

ఆయన అది పట్టించుకోలేదు. “మగోళ్లు యాడికి పోయినారు?”

“గండికి. మొక్కుండె.”

“అంతా ఒకేతూరి?”

“తాండా మొక్కు గదప్పా.”

ఆయన నవ్వి కొండ వైపు చూశాడు. “మీ మొక్కులు నాకు తెలీవా? పైన నీళ్లుండాయంటాండారు ఊళ్లల్లో. నీళ్లుంటే మనుషులుంటారు. ఈ పొద్దు నా మనుషులను పైకి తోలుతాండా.” ఆ తర్వాత ఏదో తట్టినట్టు నా వైపు తిరిగాడు. “టీచరమ్మా, పుస్తకం రాస్తాండావు గదా. నీళ్ల సంగతి రాసినావా?”

లేదనడానికి లేదు. కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి. “రాసినాను,” అన్నాను.

“ఏదీ.” చెయ్యి చాచి తీసుకుని తిప్పి చూశాడు. ఇంగ్లీషు. తిరిగి ఇచ్చేశాడు. “తెలుగులో చదువు. ఇంటాం.”

నేను చదవాల్సిన పేజీలో ఆ కొండలో ఏడాది పొడవునా నీళ్లుంటాయని ఉంది. ఆ నీళ్లు ఎందుకు ఎండవో, అక్కడికి మేకలు ఎట్లా పోతాయో నేనే ఎంతో మురిసిపోతూ రాసిన పేజీ. అక్షరాల మీద వేలు పెట్టుకున్నాను. నాన్న ఆదివారం మిషన్ గుడిలో బైబిలు వాక్యం చదివే గొంతు ఒకటి ఉంది, సాగదీసి, గంభీరంగా. ఆ గొంతు తెచ్చుకున్నాను.

“ఈ పర్వతము మిక్కిలి రాతిమయము. వాన నీరు నిలువదు. వేసవియందు ఇచట జలము లభ్యము కాదు. పక్షులు సైతము ఈ కొండను విడిచి పోవును…”

అట్లా ఒక పేజీ నిండా అబద్ధం చదివాను. మధ్యలో కాగితం తిప్పాను కూడా. ఆడవాళ్లు ఒక్కరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇందాక చదివినప్పుడు తప్పులు దిద్దినవాళ్లు ఇప్పుడు ఊఁ కొడుతున్నారు. ఆయన తల వంచుకుని, నిజంగా గుడిలో కూర్చున్నట్టే విన్నాడు.

“అవునప్పా,” అంది అవ్వ, నేను ఆగగానే. “పోయినేడు పైకి తోలిన మేకలు దప్పికి పడిపాయ. నా కొడుకు ఒట్టి చేతుల్తో ఏడ్చుకుంటా దిగినాడు.”

ఒక్క మేక కూడా పోలేదు. కానీ ఏనాడూ నోరు విప్పని కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒక్క క్షణం నేను కూడా నమ్మాను.

“దీన్ని అచ్చేస్తారా?” అన్నాడాయన.

“ఏస్తారు. ఫారిన్లో.”

“అయితే నిజమేలే.” మనుషుల వైపు తిరిగాడు. “పైకి పోయి ఏం లాభం రా? నీళ్లు లేని కాడ మనిషెట్లుంటాడు? గండికే పోయి చూద్దాం పదండి.”

అప్పుడు నాకు భయం వేసింది. అంతకుముందు వేసింది భయం కాదు. ఆ ఆడవాళ్లు ఎన్ని ఏళ్లుగా ఎన్ని ఒట్లు పెట్టి చెప్పినా ఆయన నమ్మలేదు. కాగితంలో ఉందనగానే నమ్మేశాడు. అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మినవాడు నిజం అచ్చయితే నమ్మడా? చదువుకున్నవాళ్లు దూరంగా ఉంటారని నేను అవ్వకు చెప్పిన మాట తలుచుకుంటే సిగ్గేసింది.

ఆయన లేచాడు. అందరూ మళ్లీ సర్దుకుని నిలబడ్డారు. అవ్వ కదల్లేదు. జీపు దాకా పోయినవాడు ఆగి వెనక్కి వచ్చాడు.

“అవ్వా, వచ్చినప్పుడూ లేయలే, పోయేటప్పుడూ లేయలే. ఎవురికి లేస్తావు నువ్వు?”

అవ్వ ఆయన ముఖంలోకి చూసి, “ఓటు పొద్దు లేస్తాలే అప్పా. జీపు పంపీ, ఎత్తకపోయి ఎక్కిచ్చుకో. నువ్వు చెప్పిన గుర్తుకే గుద్దుతా. నడుముకు గూడ వర్గముంటాదా ఏంది?” అంది.

ముందు ఆయన మనుషులు నవ్వారు. తర్వాత ఆయన కూడా నవ్వక తప్పలేదు. జీపు దుమ్ము అణిగింది.

అవ్వ లేచింది. పటం చెమటకు తడిసి ముడతలు పడి ఉంది. “కూచోని కూచోని కొండంతా గుచ్చుకునింది,” అంది. నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాను నేను. అవ్వ పటాన్ని మడిచి, “పాపా, ఇట్లాంటిది ఇంగొకటి ఉండాదా?” అని అడిగింది.

“ఉండాది అవ్వా. మా సార్ కాడ.”

నవ్వులు ఆగాయి. కోడలు మొదటిసారి నాకేసి సూటిగా చూసి మాట్లాడింది. “ఈయమ్మ పూచీ మా అత్త మింద ఎందుకుండాల? పైన ఉండేది నా మొగుడు. ఇప్పుడే తీసేయండి ఆ పూచీ.”

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తాండా అంతా అవ్వ వైపు చూసింది. ఆమె పటాన్ని నడుముకు దోపుకుంది. తర్వాత నాతో, “పోయి దాన్ని గూడ తెచ్చుకోని రా. బిరీన,” అంది.

పులివెందులలో బస్సు మారేటప్పుడు ఎస్టీడీ బూత్ నుంచి గైడుకు ఫోన్ చేశాను. పేపరు, మ్యాపు కవర్లో పెట్టేశాననీ, రేపు రిజిస్టర్ పోస్టులో పోతుందనీ అన్నాడు. పంపొద్దు, నేను వస్తున్నాను అని పెట్టేశాను. తర్వాతి బస్సంతా నిలబడే పోయాను. కూర్చోవడానికి చోటు ఉంది, నాకే కూర్చోబుద్ధి కాలేదు.

ఆయన గదిలో కవరు బల్ల మీదే ఉంది, స్టాంపులు కూడా అంటించి. జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. నాకు ఏమైనా అయిందా అని మొదట అడిగాడు. నీళ్లు ఇప్పించాడు. ఆ తర్వాత, “కానీ అమ్మా, ఎక్కడో అచ్చయ్యే జర్నల్ని మీ పులివెందుల జీపులవాళ్లు చదువుతారా?” అన్నాడు.

“వాళ్లకు లాయర్లుండారు సర్. చదువుకున్న కొడుకులు, అల్లుళ్లుండారు. మా కాడ గాలికి గూడ వర్గముంటాది.”

నా భాషకు ఆయన ఈసారి నవ్వలేదు. “మ్యాపు లేకపోతే వాళ్లు వేసుకోరు. పేపరు లేకపోతే మీకు పోస్టు రాదు. మీ పేరే ముందు పెడతాను. నా పేరు లేకపోయినా పర్వాలేదు. మీకోసమే చెబుతున్నాను.”

అంత మంచిగా అడిగేసరికి నా పట్టు సగం జారింది. అబద్ధం ఎందుకు, ఆ ఉద్యోగం నాకు కావాలి. నాన్న రిటైరయ్యాడు. కాలేజీవాళ్లు ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. బల్ల మీద కవరు, దాని మీద నా పేరు, ఇంగ్లీషులో, టైపు కొట్టి. మా ఇంట్లో ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కిన మనిషి ముత్తవ్వ ఒక్కతే, ఆమెకు పేరు కూడా లేదు. ఇప్పుడు నా పేరు ఎక్కుతుంది. కానీ మొగుడు కొండమీద ఉన్న కోడలు చూసిన చూపు కూడా గుర్తొచ్చింది.

“నా కోసం ఒక ముసలామె పూచీ ఉంది సర్,” అన్నాను. “ఈ మ్యాపు బయటికి పోతే అడిగేది నన్ను కాదు, మిమ్మల్నీ కాదు. ఆమెను అడుగుతారు. మీకోసం ఎవరైనా అట్లా పూచీ ఉన్నారా ఎప్పుడైనా?”

ఆయన కవరు నా వైపు జరిపాడు. “తీసుకెళ్లండి. కానీ మీ కోసం నేను ఇంక ఏ కమిటీలోనూ మాట్లాడలేను. ఇలాంటి పని చేసినవాళ్ల గురించి ఏం చెప్పాలో నాకు తెలియదు,” అన్నాడు. అది కోపం కాదు, అయోమయం. కోపమైతే నాకు తేలికయ్యేది.

కవరు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె రెండు పటాలనూ పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే టీ కాచింది. స్టాంపులు మాత్రం పీకి నాకు ఇచ్చింది, పనికొస్తాయని. కోడలు నాకూ ఒక గ్లాసు పోసింది. ఓట్ల లెక్కింపు అయ్యాక మగవాళ్లు దిగారు, ఒక్కరూ తగ్గకుండా. ఆ ఎన్నికల్లో చుట్టుపక్కల ఊళ్లలో శవాలు లేచాయి. తాండాలో లేవలేదు.

పోస్టు ఇంకెవరికో పోయింది. ఆ రోజు ఇంట్లో గిన్నెలు విసిరికొట్టాను. ఇప్పటికీ ఎవరైనా ఆ యూనివర్సిటీ గేటు గురించి మాట్లాడితే నా కడుపు మండుతుంది, మండదని చెప్పేంత గొప్పదాన్ని కాదు. పూచీ కట్టు మీద తెలుగులో ఒక చిన్న వ్యాసం రాశాను, కొండ లేకుండా, నీళ్లు లేకుండా. తాండాలో చదివి వినిపించి, వాళ్లు తీసేయమన్నవి తీసేసి ఒక పత్రికకు పంపాను. వేశారు. ఇంటర్వ్యూల్లో దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రొద్దుటూరులోనే ఉండిపోయాను. కొన్నాళ్లకు ఆ కాలేజీయే పర్మనెంట్ చేసింది. మొదట్లో ఏటా, తర్వాత అప్పుడప్పుడూ తాండాకు పోయేదాన్ని. మోకాళ్లు అరిగాక అదీ తగ్గింది.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసులో ఉంటే ఎవరో వచ్చారని అటెండరు పిలిచాడు. స్టాఫ్ రూం బయట అవ్వ కోడలు నిలబడి ఉంది, తలంతా నెరిసి, చెప్పులు చేతిలో పట్టుకుని. అన్ని ఏళ్లలో ఆమె ఏనాడూ నా కోసం రాలేదు. చూడగానే అర్థమైంది.

“మా అత్త పోయింది,” అంది. “దినాలు గూడ అయిపోయినాయి. నీకు చెప్పనీకి ఎవురూ దొరకలే.”

కుర్చీ చూపించినా కూర్చోలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ఆపమనలేదు. నేను ముఖం తుడుచుకునేదాకా నిలబడి, “పోయేముందు నీ పూచీ నా మింద పెట్టి పోయింది. వద్దంటే ఇనలే. అందుకే వచ్చినా,” అంది.

కూజాలో నుంచి గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాను. ఆమె తీసుకుంది కానీ తాగలేదు.

“మా నీళ్ల సంగతి ఇన్నేండ్లలో ఎవురికన్నా చెప్పినావా?”

“లేదు.”

“నీ మొగునికి? పిల్లోళ్లకు?”

“లేదు.”

నా కళ్లలోకి చూసింది, చాప దులిపిన రోజుల్లో చూసినట్టే. తర్వాత సగం తాగి గ్లాసు నా చేతికి ఇచ్చింది. మిగిలిన సగం నేను తాగాను.

“అయితే నా పూచీలో ఉండేది నువ్వొక్కదానివే,” అంది. చెప్పులు వేసుకుని బస్టాండు వైపు పోయింది.